బండల నడుమ పదిరోజుల బస



హైదరాబాదులోని హైటెక్ సిటీ పేరు వినని పల్లె ఇప్పుడు లేదు. తమ పిల్లలకు అక్కడ కంప్యూటరు ఉద్యోగము రావాలని ఎందరో తలిదండ్రులు మోకరించి ప్రార్థిస్తున్నారు. అయితే 2025 మే నెలలో మేమిద్దరము పదిరోజులు ఉండి వచ్చినది కంప్యూటర్ల మధ్య కాదు, బండల మధ్య. మా బస ఇంకా పూర్తికాని ఒక కట్టడము క్రింద, కాపలాదారుని గదిలో. అతిథులముగా వెళ్లాము గాని పనివారమై తిరిగి వచ్చాము. ఆ పదిరోజులలో ప్రభువు మాకు నేర్పిన సంగతులు మీతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెద్దమ్మ చెప్పి పంపిన మాట

మాది పాలమూరు మెట్ట ప్రాంతము. వాన పడితే పంట, పడకపోతే వలస. తాతల నాటి నుండి మా ప్రాంతపు కూలీలు దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ త్రవ్వినా అక్కడ తట్ట మోసినవారే. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పుచ్చుకొని లారీ ఎక్కేవారు కొందరు, బొంబాయి బస్సు ఎక్కేవారు కొందరు. ఇప్పుడు చాలామంది హైదరాబాదు బస్సు ఎక్కి, సైబరాబాదు అని పిలువబడే ఆ ప్రక్కకు పోతున్నారు. మా సంఘపు పుస్తకములో పేర్లు నిండుగానే ఉంటాయి. ఆదివారము చాపల మీద కనబడేది మాత్రము ముసలివారు, బడిపిల్లలే.

మా సంఘములో ఒక విధవరాలు ఉన్నది. అందరము ఆమెను పెద్దమ్మ అని పిలుస్తాము. ఆమె ఒక్కగానొక్క కుమారుడు, కోడలు పుప్పాలగూడ వైపు ఒక అపార్టుమెంటు కడుతున్నచోట కాపలా పనిలో ఉన్నారు. పదమూడేండ్ల మనుమడు పెద్దమ్మ దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. ఏప్రిల్ నెలాఖరు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె మా దగ్గరకు వచ్చి ఇలా అన్నది:

"అయ్యగారూ, మా వాండ్లను ఇంటికి రమ్మని చెప్పుండ్రి. రాకుంటే మానె, పొద్దుమాపు ప్రార్థన చేసుకుంటున్నరో లేదో ఒక్కసారి చూసి రాండ్రి. ఈ పోరగాన్ని గూడ తోల్కపోండ్రి. వీడు నాయన మీద అలిగిండు. ఫోను చేస్తే మాట్లాడడు."

సరే పెద్దమ్మా అన్నాము. కాని లోపల మాకు భయముగానే ఉన్నది. ఆ కుమారుడు అయిదేండ్లుగా మా ఆలయపు గడప త్రొక్కలేదు. అందుకు కారణమేమిటో మాకు తెలుసు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

బండలు పట్టణమైన విధము

మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి ఆరాంఘర్ దాటి, మెహదీపట్నంలో మరొక బస్సు పట్టుకొని, టోలీచౌకి మీదుగా రాయదుర్గం వైపు వెళ్లాము. అక్కడి నుండి బాబు కిటికీలోనుండి తల బయటపెట్టి అంతస్తులు లెక్కపెట్టసాగాడు. ఇరవై దాటిన తరువాత లెక్క తప్పిపోయింది. మాకూ అంతే.

రెండవ రోజు ఆ సహోదరుడు పనిలో ఉండుటవలన, బాబును తీసికొని మేమే మాదాపూరు వెళ్లి సైబర్ టవర్స్ చూచాము. గుండ్రముగా నిలిచిన పది అంతస్తుల మేడ అది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి గారు దానిని ప్రారంభించారు. నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు గారు. ఆ కాలములో అక్కడికి వచ్చినవారు చుట్టూ రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, సీతాఫలపు పొదలు చూచినట్లు చెబుతారు. ఇప్పుడు ఆ పది అంతస్తుల మేడ చుట్టూ లేచిన కట్టడముల నడుమ చిన్నదిగా కనబడుతున్నది. 2019 మార్చి 20 నుండి మెట్రో రైలు ఆ ప్రక్కగానే వస్తున్నది. అదే సంవత్సరము నవంబరులో అది రాయదుర్గం వరకు చేరింది.

అక్కడికి దగ్గరలోనే దుర్గం చెరువు. గోల్కొండ కోటలోనివారికి త్రాగునీరు ఈ చెరువు నుండే వెళ్లేదట. చుట్టూ బండలు మూసియుండుటచేత బయటివారికి కనబడక, రహస్యపు చెరువు అనిపించుకొన్నది. 2020 సెప్టెంబరు 25న దాని మీద తీగల వంతెన తెరిచారు. సాయంత్రము రంగు దీపాలు చూడటానికి జనము గుమిగూడుతున్నారు.

ఈ ప్రాంతపు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. భూమి లోతులలో కరిగియున్న రాయి మెల్లగా చల్లారి గట్టిపడిందట. పైనున్న పొరలు యుగయుగములుగా కొట్టుకొనిపోగా అది బయటపడింది. పగుళ్లలో నీరు దిగి అంచులు అరిగి, రాయి మీద రాయి పేర్చినట్లు గుండ్లు నిలిచిపోయాయి. పర్వతములు పుట్టకమునుపే దేవుడున్నాడని మోషే తొంబదియవ కీర్తనలో చేసిన ప్రార్థన ఆ గుండ్ల ప్రక్కన నిలబడితే చక్కగా అర్థమవుతుంది.

"అయ్యగారూ, ఇక్కడున్న బండలన్నీ ఎటు పోయినయి?" అని బాబు అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఎదురుగానే ఉన్నది. మందు పెట్టి పేల్చారు, మరలో వేసి కంకర చేశారు. ఇప్పుడు ఇసుక కూడ రాతినే పిండిచేసి తయారుచేస్తున్నారు. ఆ బండలు ఎక్కడికీ పోలేదు, ఆ మేడల గోడలలోనే ఉన్నాయి. వాటిని కొట్టినవారి చెమట కూడ ఆ గోడలలోనే ఉన్నది. పెద్దమ్మ భర్త, అనగా ఈ బాబు తాత, 1997లో మాదాపూరు వైపు రాళ్లు కొట్టే పనికి వచ్చి రెండేండ్లు గుడిసెలో ఉండి వెళ్లినవాడే. ఆ మాట చెప్పినప్పుడు బాబు చాలసేపు మేడవైపు చూస్తూ నిలబడ్డాడు.

మిగిలిన బండలనైనా కాపాడాలని 1996లోనే హైదరాబాదులో కొందరు పెద్దలు ఒక సొసైటీగా ఏర్పడ్డారు. మేము వెళ్లుటకు కొద్దివారముల ముందు కంచ గచ్చిబౌలి సంగతి దేశమంతా మారుమ్రోగింది. 1974లో స్థాపించబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కనున్న 400 ఎకరాలలో యంత్రములతో చెట్లు కొట్టుచుండగా విద్యార్థులు అడ్డుపడ్డారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపివేయమని ఆజ్ఞ ఇచ్చింది. జింకలకు, నెమళ్లకు కూడ బస కావాలని అడిగిన ఆ విద్యార్థులను చూచి, మనుష్యుల బస విషయమై మన సంఘములు ఏమి అడుగుతున్నాయా అని మేము ఆలోచించాము.

స్లాబు మీద మడి

మా బస సంగతి చెప్పెదము. ఖాజాగూడ గుట్టల నీడలో అయిదంతస్తుల కట్టడము. దాని సెల్లారులో ఒక మూలన నాలుగు సిమెంటు ఇటుకల గోడలు, పైన ఒక రేకు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. అందులోనే పొయ్యి, బియ్యపు డబ్బా, మోటారు స్విచ్చి, సామాను లెక్క వ్రాసే పుస్తకము, గోడకు ఒక క్యాలెండరు. ఉన్న ఒక్క మంచము మాకిచ్చారు. వద్దన్నా వినలేదు. ఆ సహోదరుడు సెంట్రింగు చెక్కల మీద చాప పరచుకొని పడుకొన్నాడు. పగలు రేకు వేడికి లోపల ఉండలేము. రాత్రి కంకర లారీలు, సిమెంటు కలిపి తెచ్చే తిరుగుడు డ్రమ్ముల లారీలు వచ్చిపోతుంటే నిద్ర పట్టదు. అయితే తెల్లవారుజామున అయిదు గంటలకు గుట్టల మీద నెమలి కూత వినబడేది. ఇంత పట్టణములో ఇంకా అడవి ఊపిరి మిగిలియున్నదని ఆశ్చర్యపడేవారము.

ఊరకే కూర్చుండుట మాకు సిగ్గనిపించింది. ఆ సహోదరుడు రాత్రంతా కాపలా కాసి, పగలు కూడ పని చేస్తాడు. ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు పోతే అతని జీతములోనుండి కోస్తారు. గనుక రాత్రి ఒంటిగంట వరకు మేము టార్చిలైటు పట్టుకొని కాపలా ఉంటామని, అతడు కొంచెము నిద్రపోవాలని ఒప్పించాము. మొదట "అయ్యగారితోని కాపలా కాయిస్తనా?" అని ఒప్పుకోలేదు. యాకోబు మామ మందను ఎండకు, మంచుకు కాచినవాడే, మాకేమి చిన్నతనము అంటే నవ్వి సరే అన్నాడు.

మేము వెళ్లిన ముందురోజే నాలుగవ అంతస్తు స్లాబు వేశారు. మరునాడు తెల్లవారకముందే అతడు పైకి వెళుతుంటే మేమూ, బాబూ వెంట వెళ్లాము. స్లాబు మీద సిమెంటు ముద్దతో సన్నని గట్లు పెట్టి, చిన్న చిన్న మళ్లుగా చేసి, పైపుతో నీళ్లు నింపుతున్నాడు. ఎందుకని అడిగితే ఓపికగా చెప్పాడు. సిమెంటు ఎండి గట్టిపడుతుందని మనము అనుకుంటాము గాని, అది నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. నీరు తొందరగా ఆరిపోతే పగుళ్లు వస్తాయి. తక్కువలో తక్కువ ఏడు రోజులు, ఇంకా ఎక్కువైతే మంచిది, తడి ఆరకుండా చూడాలి. ఇరవై ఎనిమిది రోజులకు గాని దాని బలము ఎంతో లెక్కకట్టరట.

సూర్యుడు గుట్ట మీదికి వచ్చాడు. ఆ మళ్లలో ఆకాశము మెరిసింది. అచ్చము నాట్లకు సిద్ధపరచిన వరిమడిలాగే ఉన్నది. ఆ సహోదరుడు పైపు ప్రక్కన పెట్టి అన్నాడు:

"ఇదే నా మడి అయ్యగారూ. పొద్దున, మాపటికి నీళ్లు పెడుత. పంట మాత్రం వేరేటోళ్లది."

ఊరిలో అతనికి మూడెకరాలు ఉన్నాయి. మూడు బోర్లు వేయించాడు. రెండు ఎండిపోయాయి, మూడవదానిలో దుమ్మే వచ్చింది. మూడు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు ఆరువేలు వడ్డీకే పోతుంది. అతని జీతము పదమూడువేలు. అతని భార్య నానక్‌రాంగూడలో ఒక అద్దాల మేడలో తుడిచే పని చేసి పదివేలు తెస్తుంది. "ఇంటికి రమ్మంటే వస్త. వడ్డీ ఎవరు కడుతరు?" అన్నాడు. పెద్దమ్మ చెప్పి పంపిన మాటకు అదే జవాబు. మా దగ్గర తిరుగు మాట లేకపోయింది. ధనాశతో పట్టణమునకు పోతున్నారని మేము ప్రసంగపీఠము మీదనుండి ఎన్నిసార్లు గద్దించామో జ్ఞాపకము వచ్చి తల వంచుకొన్నాము.

అదే కోకాపేట వైపు, ఆ స్లాబు మీదనుండి కనబడే దూరములో, 2023 ఆగస్టు 3న ప్రభుత్వము వేలము వేసిన భూమిలో ఒక ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయింది. మూడెకరాల రైతు ఇక్కడ కాపలావాడు. ఎకరము నూరు కోట్లు పలికే నేల మీద మంచమంత చోటు కూడ అతనిది కాదు.

అలిగిన బాబు మూడవ రోజు వరకు తండ్రితో మాట్లాడలేదు. నాలుగవ రోజు తెల్లవారుజామున మేము లేచి చూస్తే చాప మీద లేడు. పైకి వెళ్లి చూస్తే పైపు వాడు పట్టుకొన్నాడు, తండ్రి గట్టు సరిచేస్తున్నాడు. ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు. మెల్లగా మెట్లు దిగి వచ్చాము.

రేకుల షెడ్డులో సహవాసము

ఆ సహోదరి ఉదయము ఆరు గంటలకే మెడలో గుర్తింపుకార్డు వేసికొని బయలుదేరుతుంది. అమెరికాలో పగలైతే మనకు రాత్రి గనుక ఆ మేడలలో రాత్రి పని చేసి ఇంటికి పోయే పిల్లలు ఆమెకు ఎదురుపడతారు. "వాండ్ల కండ్లు జూస్తే పాపం అనిపిస్తది అమ్మగారూ, వాండ్లు గూడ కాపలావాండ్లే" అని మా శ్రీమతితో అన్నది. ఆమె తుడిచే అంతస్తులో పనిచేసే ఒక అమ్మాయి ఆమెను అక్కా అని పిలిచి తన డబ్బాలోని చపాతి సగము పెడుతుందట. మన పిల్లలు అక్కడ ఉద్యోగములలో ఉన్నట్లయితే, ఆ అమ్మాయివలె ఉండవలెనని మనము ప్రార్థించుదము.

కట్టడము వెనుక వరుసగా రేకుల షెడ్లు ఉన్నాయి. జార్ఖండ్, ఒడిశా, బీహారు నుండి వచ్చిన పనివారు వాటిలో ఉంటారు. వారికి హైదరాబాదు పరదేశమే. భాష తెలియదు, బోర్డు చదువలేరు. వారి పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకొంటున్నారు. మా శ్రీమతి వేపచెట్టు క్రింద గోనెపట్టా పరచి, మన సెలవుల బైబిలు బడిలాగున వారికి పాటలు, అభినయములు, అంకెలు నేర్పించింది. మొదటి రోజు ఆరుగురు, ఆఖరు రోజు ఇరవైమందికి పైన. బాబు వారికి పెద్దన్న అయ్యాడు.

మొదటి రాత్రి తొమ్మిది గంటలకు ఆ సహోదరుడు తన బైబిలు తీసికొని షెడ్ల వైపు వెళుతుంటే ఎక్కడికని అడిగాము. "ప్రార్థన ఉంటది అయ్యగారూ, మీరు గూడ రాండ్రి" అన్నాడు. వెళ్లి చూస్తే పదిమంది రేకు గోడకు ఆనుకొని కూర్చున్నారు. వారిలో ఇద్దరు గుమ్లా జిల్లానుండి వచ్చిన ఉరావ్ జాతి యువకులు. తాతల నాటినుండి లూథరన్ సంఘస్థులు. జర్మనీ దేశమునుండి గోస్నర్ గారు పంపిన నలుగురు మిషనరీలు 1845లో రాంచీ చేరి ప్రారంభించిన సేవకు ఫలమైన సంఘము వారిది. వారి కురుఖ్ భాష మన తెలుగువలెనే ద్రావిడ కుటుంబపు భాష. మాటలు అర్థము కాకపోయినా, పాట ఎత్తగానే రాగమునుబట్టి మేము కలిసి పాడగలిగాము. ఒకడు తన భాషలో ప్రార్థించాడు, ఒకడు ఒడియాలో, ఆ సహోదరుడు పాలమూరు తెలుగులో. మూడేండ్లుగా ఆ కూటము జరుగుతున్నది. దానిని మొదలుపెట్టినది అతడే.

ప్రియులారా, అతడు ప్రార్థన చేసుకుంటున్నాడా లేదా అని చూచి వచ్చుటకు మేము వెళ్లాము! మేము కాపరులమనుకొని వెళ్లినచోట మాకే మేత దొరికింది.

ఆ ఉరావ్ యువకులలో ఒకడు 2020 మే 1వ తేదీ సంగతి చెప్పాడు. కరోనావలన మార్చి 25నుండి దేశమంతా మూతపడి పనులు ఆగిపోయినప్పుడు, వలస కూలీలను ఇంటికి చేర్చిన మొట్టమొదటి రైలు ఆ తెల్లవారుజామున మన లింగంపల్లినుండే బయలుదేరి జార్ఖండులోని హటియాకు వెళ్లింది. సుమారు 1,200 మంది ఎక్కారు. తానూ అందులో ఉన్నాడట. ఊరు చేరగానే పొలిమేర దగ్గర తల్లి దూరమునుండి చేయి ఊపిందని, పదునాలుగు రోజులు బడిలో ఉన్నానని, పదిహేనవ రోజు సంఘమంతా వచ్చి పాటలు పాడుతూ ఇంటికి తీసికొనిపోయారని చెప్పాడు.

అది విని ఆ సహోదరుడు మావైపు చూడలేదు. మేమూ అతనివైపు చూడలేకపోయాము.

మేము ఒప్పుకొనవలసినది

చెప్పెదమన్న సంగతి ఇది. 2020 ఏప్రిల్‌లో ఆ సహోదరుడు, అతని భార్య బస్సులు లేక హైదరాబాదునుండి మా ఊరికి మూడు రోజులు నడిచి వచ్చారు. నూట ఇరవై కిలోమీటర్లు. పనిచేసినచోట అప్పటి జీతము ఇవ్వలేదు. ఊరిపెద్దలు వారిని పొలిమేరలోని మామిడితోటలో పదునాలుగు రోజులు ఉంచారు. అది ప్రభుత్వ నియమము, దానిలో తప్పు లేదు. మేము గట్టు మీద నిలబడి, బియ్యపు సంచి అక్కడ పెట్టి, గట్టిగా ప్రార్థన చేసి వచ్చేశాము.

తప్పు ఆ తరువాత జరిగింది. గడువు తీరిన తరువాత కూడ మేము వారి గడప త్రొక్కలేదు. ఆలయములు తెరిచిన తరువాత మొదటి ఆదివారము వారు వచ్చి చాప అంచున కూర్చున్నారు. ప్రక్కనున్నవారు పట్నము రోగమని లేచి దూరముగా జరిగారు. ఒకరు కాదు, ఆ వరుస అంతా జరిగింది. మేము ప్రసంగపీఠము దగ్గర నిలబడి అది చూచాము. ఏమియు అనలేదు. ప్రసంగము కొనసాగించాము. ఆ రోజు వాక్యభాగము మంచి సమరయుని ఉపమానము. వారు ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్లిపోయారు. నెల తిరుగకముందే మళ్లీ పట్నము చేరారు.

తొమ్మిదవ రాత్రి కాపలా వేళ, ఇసుక కుప్ప ప్రక్కన అతనితో ఈ మాట ఎత్తాము. "ఆ దినము మేము నోరు తెరవకపోవుట పాపము. మమ్మును క్షమించు" అన్నాము. మాకంటె పదేండ్లు చిన్నవాడు. చాలసేపు మాట్లాడలేదు. లారీ ఒకటి వచ్చి కంకర దింపి వెళ్లింది. తరువాత అన్నాడు:

"ఊరోళ్లు జరిగినందుకు నాకు అంత బాధ కాలే అయ్యగారూ. మీరు చూసిండ్రు గదా, అందుకే బాధయింది."

కొంచెము ఆగి మళ్లీ అన్నాడు: "ఇయ్యాల మీరు నా మంచం మీద పండుకున్నరు. అది చాలు. ఇగ పోనియ్యుండ్రి."

ఆ రాత్రి యాకోబు సంగతి మాకు క్రొత్తగా అర్థమైంది. ఆదికాండము 28వ అధ్యాయము ఎన్నిసార్లు బోధించామో! ఇల్లు విడిచి పరదేశమునకు పోతూ, రాయి తలక్రింద పెట్టుకొని పడుకొన్న మనుష్యుడు అతడు. దేవదూతలు ఎక్కుచు దిగుచున్న నిచ్చెన అతనికి కనబడినది తండ్రి గుడారములో కాదు, పేరు కూడ చెప్పుకోదగని ఆ రాళ్లచోటనే. ఆ తరువాత లాబాను దగ్గర ఇరువది ఏండ్లు పని చేశాడు, పదిమార్లు జీతము మార్చబడింది. అయినను దేవుడు అతని ప్రక్కననే ఉన్నాడు. దేవుడు మన ఆలయములోనే ఉంటాడని, వెళ్లిపోయినవారు ఆయనను విడిచి వెళ్లారని మేము అనుకొన్నాము. ఆయన వారితో కూడ బస్సెక్కి వెళ్లాడు. రేకుల షెడ్డులో వారితో బస చేస్తున్నాడు.

మన సంఘములు ఏమి చేయగలవు

మన మెదకు ఆలయమును జ్ఞాపకము చేసికొనండి. పోస్నెట్ దొరగారు 1914లో దాని పని ప్రారంభించారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడింది. కరువు రోజులలో ఆ పనివలన ఎందరికో కూడు దొరికిందని మన పెద్దలు చెప్పుకొంటారు. రాళ్లు మోసినవారు, వారి పిల్లలు ఆ ఆలయములోనే కూర్చుండి ఆరాధించారు. కట్టినవానికి కట్టడములో చోటు దొరికింది. సైబరాబాదు మేడలు కట్టుచున్నవారికి వాటిలో చోటు ఇప్పించుట మన చేతిలో లేదు. మన చాప మీద చోటిచ్చుట మన చేతిలోనే ఉన్నది.

తిరిగి వచ్చిన తరువాత మా సంఘ పెద్దలతో కూర్చుండి కొన్ని తీర్మానములు చేసికొన్నాము. వలస వెళ్లిన ప్రతి కుటుంబము పేరు, ఉన్నచోటు, ఫోను నంబరు ఒక పుస్తకములో వ్రాశాము. ప్రతి ఆదివారము రెండు కుటుంబముల పేర్లు చదివి ప్రార్థిస్తున్నాము, ఆ సాయంత్రము వారికి ఫోను చేస్తున్నాము. మూడు నెలలకు ఒకసారి పెద్దలలో ఇద్దరు వెళ్లి వారి దగ్గర ఒక రాత్రి ఉండి రావాలి. చూచి వచ్చుట చాలదు, ఉండి రావాలి. కట్టుబడి పనివారి కొరకు 1996లో కేంద్రము చేసిన చట్టము ప్రకారము సంక్షేమ మండలి ఏర్పడిందని, 18 నుండి 60 ఏండ్ల లోపువారు, సంవత్సరములో 90 రోజులు ఆ పని చేసియుంటే పేరు నమోదు చేయించుకొనుటకు ఆ చట్టము వీలు కల్పించిందని ఆ సహోదరునికి తెలియనే తెలియదు. పదవ రోజున బయలుదేరుటకు ముందు అతని కాగితములు, షెడ్లలో మరి నలుగురి కాగితములు వ్రాసి పెట్టాము. చదువు వచ్చిన యౌవనస్థులు మీ సంఘములో ఉన్నట్లయితే ఇది వారు చేయదగిన పరిచర్య.

బాబు మాతోనే తిరిగి వచ్చి జూన్‌లో బడికి వెళ్లాడు. ఇప్పుడు ప్రతి రాత్రి తండ్రికి వాడే ఫోను చేసి "నీళ్లు పెట్టినవా నాయనా?" అని అడుగుతున్నాడని పెద్దమ్మ చెప్పింది. అప్పు ఇంకా తీరలేదు. వారు ఇంకా ఆ బండల నడుమనే ఉన్నారు. అయితే 2025 క్రిస్మసుకు ముందురోజు రాత్రి వారిద్దరూ బస్సు దిగి వచ్చారు. ఉదయము ఆరాధనకు వచ్చి మునుపటివలెనే చాప అంచున కూర్చోబోయారు. అప్పుడు ఆనాడు జరిగినవారిలో ఒక పెద్దాయన మళ్లీ జరిగాడు. ఈసారి వారికి నడుమ చోటిచ్చుటకు జరిగాడు. "ఇటు రా బిడ్డా, ఇక్కడ కూసో" అన్నాడు. ఆ క్రిస్మసు ప్రసంగములో సత్రములో చోటు దొరకని కుటుంబమును గూర్చి మేము ఎక్కువ చెప్పవలసిన అవసరము లేకపోయింది.

ప్రియ చదువరీ, నీ కుమారుడు అద్దాల మేడలో పనిచేస్తున్నాడో, ఆ మేడకు నీళ్లు పెడుతున్నాడో మాకు తెలియదు. రాతిని తలగడగా పెట్టుకొన్న యాకోబునకు తోడైయున్న దేవుడు వారిద్దరికిని తోడైయుండును గాక. వారు తిరిగి వచ్చు దినమున వారికొరకు జరిగి చోటిచ్చు మనస్సు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.